వాన రాని ఊళ్ళో వానకోటు పరీక్ష

ఆ రోజుల్లో నేనడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. బెంగుళూరులో కోటు తయారుచేసిన కంపెనీ చెప్పలేదు, గండికోటలో నాకు పనిచ్చిన క్యాంపు అన్న చెప్పలేదు, మా ఊరు ఊరంతా చెప్పలేదు, చివరికి నన్ను ఎత్తుకుని పెంచిన మా జేజి (నాయన తల్లిని మేము జేజి అంటాం) కూడా చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఒకరు నవ్వుతారు, ఒకరు ఫోను వచ్చినట్టు నటిస్తారు, ఇంకొకరు "ఇంగా మర్చిపోలేదా అప్పా నువ్వు?" అని నా మీదే తప్పు తోస్తారు. ఎందుకు మరిచిపోతాను? చిన్నప్పుడు మేనత్త పెళ్ళి విందులో నా విస్తరి దాటేసి పక్కవాడికి రెండోసారి పాయసం వేసిన మనిషి మొహమే నాకింకా గుర్తుంది. ఇది అంతకంటే పెద్ద విషయం. ప్రశ్న మాత్రం చాలా చిన్నది: ఆ రోజు నా వీపు ఎలా తడిసింది?

డిగ్రీ ముగించి ఏ పనీ దొరక్క తిరుగుతున్న నేను, పెన్నా లోయ అంచున గుడారాలు వేసి శని, ఆదివారాల్లో బెంగుళూరు జనానికి అద్దెకిచ్చే క్యాంపులో చేరాను. దాని యజమానిని అందరం క్యాంపు అన్న అనేవాళ్ళం. ఆయన కర్ణాటకలో, మలెనాడు కొండల్లో కొత్తగా ఇంకో క్యాంపు పెడుతున్నాడు. అక్కడ నాలుగు నెలలపాటు వాన ఆగదట. ఆ వానలోనే జనం డబ్బు పెట్టి మరీ నడుస్తారట. వాళ్ళను నడిపించడానికి ఒక మనిషి కావాలన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు నిద్ర పట్టలేదు. మా ఊరికి వాన దాయాది ఇంటికొచ్చినట్టు వస్తుంది: గడప దాకా వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "మళ్ళా వస్తాంలే" అని వెళ్ళిపోతుంది. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి వానలో నడవడమే ఉద్యోగం అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి ఆ కోటు వచ్చింది. (వాళ్ళు దాన్ని జాకెట్టు అన్నారు. మా ఇళ్ళల్లో జాకెట్టు అంటే ఆడవాళ్ళు కుట్టించుకునేది కాబట్టి నేను కోటు అనే అంటాను.) పండిన గుమ్మడికాయ రంగు. పట్టుకుంటే బరువే లేదు. తలకు టోపీ, చంకల కింద జిప్పులు, కుట్లమీద లోపలివైపు అతికించిన పట్టీలు. క్యాంపు అన్న దాన్ని నా చేతిలో పెట్టి, "దీని ఖరీదు చెప్తే నువ్వు తొడుక్కోవు, అందుకే చెప్పను. కొండల్లో తిరిగేవాళ్ళ కోసం చేసినారంట. అమ్మకానికి ముందు మన మాదిరోళ్ళు వాడి చూసి, తడిసిందా లేదా చెప్పల్ల. దీన్ని సరిగ్గా పరీక్ష చేసినోన్నే మలెనాడుకు పంపిస్తా. మా బావమర్దికి కూడా ఒకటి ఇస్తాండా. అయినా నీకే ఫస్టు," అన్నాడు.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వానకోటును పరీక్షించాలంటే వాన పడే చోటికి పంపాలి. కడప జిల్లాకు, అందులోనూ జమ్మలమడుగు పక్కకు పంపడమేమిటి? తడవని చోట ఏ కోటు మాత్రం కారుతుంది? గోనెసంచి తొడుక్కున్నా మా ఊళ్ళో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. ఈ అనుమానాన్నే కంపెనీలో ఫోనెత్తిన మేడంతో చెప్పాను. "అన్ని రకాల వాతావరణాల్లోనూ పరీక్షిస్తున్నామండీ. బయటి నీళ్ళు లోపలికి రావు, లోపలి చెమట బయటికి పోతుంది. అదే దీని గొప్ప," అంది. ఆ గొప్ప పట్టుకుని ఇంటికి వెళ్ళి జేజికి చెప్పాను. ఆమె కోటును వెలుతురుకు ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి, "చెమట పొయ్యేదానికి దోవ ఉండాదంటివి. అదే దోవలో నీళ్ళెట్ల రావురా? నీళ్ళకేమన్నా కండ్లు కనపడవా?" అంది. మళ్ళీ మేడానికి ఫోను చేసి ఇదే అడిగాను. "టెక్నాలజీ అండీ," అని పెట్టేసింది. (ఇది జవాబు కాదని గమనించగలరు.)

అక్కడినుంచి వానకోసం కాచుకోవడం మొదలుపెట్టాను. వాన చెప్పి రాదు కదా, అందుకని కోటు ఎప్పుడూ ఒంటిమీదే ఉండేది. మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర కార్తె పోయింది. శనక్కాయ విత్తనాలు సంచుల్లోనే ఉన్నాయి. నెత్తిన ఎండ, ఒంటిమీద కోటు. లోపల చెమట ఏ దోవలో బయటికి పోతోందో నాకైతే తెలియలేదు. అది నా నడుం దగ్గర చేరి విశ్రాంతి తీసుకుంటున్నట్టే అనిపించేది. పడమట మబ్బు లేవడం, ఊరంతా అరుగులమీదికి రావడం, ఆ మబ్బు మా ఊరి పొలిమేరదాకా వచ్చి కొండ అవతలికి జారుకోవడం, ఇదే వరస. మబ్బు జారుకోగానే అందరి కళ్ళూ ఆకాశంమీదినుంచి దిగి నా కోటుమీద వాలేవి. బస్టాండు దగ్గర టీ అంగడి నడిపే మామ (మా నాయన స్నేహితుడు, సాయిబులాయన, ఊరందరికీ మామే) ఒకరోజు గ్లాసు కడుగుతూ అందరికీ వినపడేలా అన్నాడు: "ఏం అల్లుడా, వాన పైనుంచి తొంగి చూస్తాండాది. కింద నువ్వు కోటేసుకొని తయారుగా ఉండావు. దానికి బేజారొచ్చి పోతాండాది. పిలిచినోళ్ళు తలుపు గడి పెట్టుకొని కూర్చుంటే యా చుట్టం వస్తాడప్పా?" అక్కడున్నవాళ్ళు నవ్వారు. అందులో ఇద్దరు నవ్వలేదు. ఆ నవ్వని ఇద్దరి వల్లే నాకు కష్టం వచ్చింది.

పక్కరోజుకల్లా ఊరంతా అదే మాట. ఈ పిల్లోడు కోటు తొడిగినప్పటినుంచే వాన రావడం లేదని. అంతకుముందు నాలుగేళ్ళు ఎవడు ఏ కోటు తొడిగాడని రాలేదో ఎవరూ అడగలేదు. నేనడిగాను. ముందు కోటు విప్పమన్నారు. సరే, వాన లేకుండానే పరీక్ష ముగించి ఈ పీడ వదిలించుకుందామని చిన్నాయన చీనీ (బత్తాయి) తోటకు వెళ్ళాను. కరెంటు వచ్చి బోరు పోస్తోంది. కోటు జిప్పు మెడదాకా లాక్కుని, టోపీ దించుకుని పైపు కింద నిలబడ్డానో లేదో చిన్నాయన పార వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, చెట్లకు తడి చాలక నేను కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంటాంటే, నువ్వు గుడ్డకు పెడతాండావా తడి? బోరు ఒక ఇంచి నీళ్ళు పోస్తే అరనిమిషం గాలే దగ్గుతాది. లెయ్ ఈడ్నుంచి!" అన్నాడు. ఇంటిదగ్గర ట్యాంకరు నీళ్ళు. బిందెడు నెత్తిన పోసుకుంటానంటే మా అమ్మ నన్ను చూసిన చూపుకు కోటు కాదు, ఇనుము కూడా కారిపోతుంది. అప్పుడు తెలిసింది, మా ఊళ్ళో నీళ్ళు ఊరికే పొయ్యడం పాపమని. అలా పోసినా ఎవరూ తిట్టని సందర్భం ఏడాదికి ఒక్కటే ఉంది: కప్పను ఊరేగించే రోజు.

ఈ ఆచారం తెలియనివాళ్ళకోసం చెప్తాను. వాన మొరాయించినప్పుడు మా ఆడవాళ్ళు కప్పను తడిగుడ్డలో చుట్టి రోకలికి కట్టి, వేపమండలు కప్పుతారు. రోకలిని ఇద్దరు మగపిల్లలు భుజాలమీద మోస్తూ ఇంటింటికీ తిరగాలి. ప్రతి ఇంటి ఇల్లాలూ పసుపునీళ్ళు తెచ్చి కప్పమీదా, మోసేవాళ్ళమీదా కుమ్మరిస్తుంది. మోసేవాళ్ళు తల నుంచి కాలిదాకా తడవాలి. వాళ్ళు తడిస్తేనే భూమి తడుస్తుందని నమ్మకం. అంటే ఊరిలో ఉన్న ఇళ్ళన్నీ నా పరీక్షకు నీళ్ళు పోస్తాయి, అదీ భక్తితో. పైగా పసుపునీళ్ళు! చెమటకు రంగు లేదు. లోపల చొక్కా పచ్చబడితే కోటు కారినట్టు, పచ్చబడకపోతే కారనట్టు. ఈ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను (ఇంకెవరూ మెచ్చుకోలేదు). మలెనాడు కొండలు కళ్ళముందు పచ్చగా కనిపించాయి. ఉతికిన తెల్లచొక్కా తొడిగి, దానిమీద కోటు వేసుకుని, టోపీ దించుకుని, "రోకలి ఒక కొన నేను మోస్తా," అని జేజి ముందు నిలబడ్డాను.

అక్కడ చేరిన ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "తడవల్ల అంటే తడవని కోటేసుకొచ్చినాడు చూడు!" "ఎగతాళి చేస్తాండావా వానదేవున్ని?" "ఇప్పేయ్ అది!" అని నలుగురు నాలుగు వైపులా లాగారు. నేను విప్పనన్నాను. రోకలి రెండో కొన మొయ్యడానికి ఇంకో మగపిల్లవాడు లేడు కదా అని మొండికేశాను. అప్పుడు జేజి చెయ్యెత్తి, చాలా నెమ్మదిగా, "ఏసుకోనీలేమ్మా. పిల్లోడు ముచ్చటపడతాండాడు. తడుస్తాడులే," అంది. మా జేజి జీవితంలో ఏ విషయానికీ అంత తొందరగా ఒప్పుకున్న మనిషి కాదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. కొంత వచ్చింది కూడా. కానీ ముందు కొన మోస్తున్నవాడికి వెనక ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

మొదటి ఇంటి బిందె నామీద పడగానే నీళ్ళు ముత్యాల్లా చిట్లి, తామరాకుమీది చుక్కల్లా జారిపోయాయి. రెండో ఇల్లు, మూడో ఇల్లు, అంతే. లోపల నేను వెచ్చగా, పొడిగా (చెమట సంగతి వదిలెయ్యండి) ఉన్నాను. ఇళ్ళు దాటేకొద్దీ వెనకనుంచి గుసగుసలు పెరిగాయి. "చూడమ్మే, చుక్క నిలవల్యా!" "ఇట్లయితే వానేం వస్తాది, ధూళి వస్తాది." "ఇంగో చెంబు తే." నేను మాత్రం తల ఎత్తుకుని నడిచాను. ఏ ఇంటి దగ్గరో చెప్పలేను, అది పెద్ద గుంపు, అందరూ ఒకేసారి పోస్తున్నారు, కప్ప కూడా అరుస్తోంది. ఒక్కసారిగా మెడ వెనకనుంచి వెన్నుపూస పొడుగునా చల్లగా ఏదో దిగింది. కెవ్వుమన్నాను. రోకలి వంగింది. ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో, "తడిసినాడు! తడిసినాడు!" అని పండగ చేసుకున్నారు.

ఊరేగింపు అయ్యాక కప్పను వంకలో (వాగులో) వదిలి, ఇంటికొచ్చి కోటు విప్పాను. చొక్కా వీపంతా పసుపు. ముందువైపు చూస్తే మల్లెపువ్వు. ఇప్పుడు చెప్పండి. కుట్టు దగ్గర కారితే వీపంతా ఎందుకు కారుతుంది? టోపీ ఎత్తి మెడలో పోస్తే, ఎవరు పోశారు? ఇంటింటికీ వెళ్ళి అడిగాను. "మేము పొయ్యల్యా నాయనా. నీ కోటే కారింటాది," అన్నారు ప్రతి ఒక్కరూ. చేత్తో లోపల పోసి తడిపారంటే మొక్కు చెల్లుతుందా లేదా అన్న భయం వాళ్ళది. కోటు దానంతటది కారితే ఎవరికీ దోషం లేదు. కంపెనీ మేడానికి ఫోను చేస్తే, "మా కోటు కారదండీ. ఎవరో లోపల పోసుంటారు," అంది. "తడిసిందా లేదా, ఒక్క మాటలో చెప్పండి," అని కూడా అడిగింది. ఒక్క మాటలో చెప్పేదైతే నేను అడగడమెందుకు? నిజాయితీగా, "వీపు తడిసింది, కారణం ఇంకా తేలలేదు," అని రాసి కోటును క్యాంపు అన్న జీపులో పంపించాను. జీపు ముద్దనూరు దాటిందో లేదో, ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. ఊరంతా వీధిలో గంతులేసింది. నేనూ వేశాను, కోటు లేకుండా, గడ్డం కిందినుంచి నీళ్ళు కారుతూ. టీ అంగడి మామ వానలోనే చేతులు చాపి, "యా అల్లా, మా అల్లున్ని తడిపినోళ్ళ చెయ్యి చల్లగుండాల!" అని అరిచాడు. ఎవరి చెయ్యి అని అప్పుడే అరిచి అడిగాను. ఉరుములో వినపడలేదట.

క్యాంపు అన్న నా మాట చదివి నవ్వాడు. "కారిందో లేదో తెలీనోడు వానలో జనాన్నెట్ల నడిపిస్తాడప్పా?" అన్నాడు. ఆయన బావమరిది బెంగుళూరు లాడ్జిలో షవరు కింద నిలబడి, "బ్రహ్మాండం," అని రాశాడట. మలెనాడుకు వాడు వెళ్ళాడు. నేనిప్పుడు కర్నూలులో డ్రిప్పు పైపులు అమ్మే అంగడిలో ఉన్నాను. చుక్కలు చుక్కలుగా నీళ్ళు ఎలా పొదుపు చెయ్యాలో పత్తికొండనుంచి వచ్చే టమోటా రైతులకు చెప్పడం నా పని. వానాకాలంలో ఆ బావమరిది పంపే ఫోటోల్లో పొగమంచు, పచ్చటి కొండలు, అదే గుమ్మడికాయ రంగు కోటు. ఒక్కోసారి వాటిని చూస్తూ, మండుటెండలో మెడదాకా జిప్పు లాక్కుని, మొహమెత్తి మబ్బులవైపు చూస్తున్న ఆ పిల్లవాడిని తలుచుకుంటాను. వాన రావాలని అంతగా కోరుకుంటూనే వానకు దొరక్కుండా అంత జాగ్రత్తపడ్డ వెర్రివాడు వాడొక్కడేనేమో. నవ్వొస్తుంది. కోపం మాత్రం పోదు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాను. జేజి అరుగుమీద కూర్చుని రాగులు చెరుగుతోంది. "జేజీ, నిజం చెప్పు. ఆ పొద్దు నా టోపీ ఎత్తి మెడలో పోసింది ఎవరు?"

చేట ఆపకుండానే, "వాన పడిందా ల్యాదా?" అంది.

"పడింది. నేనడిగేది అది కాదు."

"చెరువుకు నీళ్ళొచ్చినాయా ల్యాదా?"

"వచ్చినాయి. కోటు కారిందా, నువ్వు పోసినావా?"

"నీకు ఆకలైతాంటే సంగటి ఉండాది, తిను పో."

నేను తినలేదు. చేట ముందే కూర్చున్నాను. ఇప్పుడు ఇది అచ్చులో అడుగుతున్నాను, ఆమెకు ఎవరైనా చదివి వినిపించండి: జేజీ, వాన గురించి కాదు, చెరువు గురించి కాదు, సంగటి గురించి అసలే కాదు. ఆ చెయ్యి ఎవరిది? చెప్పు.