రెండు గీతల మధ్య బ్యాటు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాపు వెనకాల ఒక ఖాళీ స్థలం ఉంది. ఒక పక్క పాత లారీలు, ఇంకో పక్క ఇనుప తుక్కు, మధ్యలో దేశంలోని ఎడారులన్నీ కలిపి జల్లెడ పట్టి పోసినంత ఇసుక. శుక్రవారం సెలవు ఆదివారానికి మారాక అదే మా క్రికెట్ మైదానం. టేపు చుట్టిన టెన్నిస్ బంతి, వికెట్లకు బదులు రెండు ఖాళీ ఆయిల్ డ్రమ్ములు, క్రీజుకు వాడేసిన ఇంజనాయిల్‌తో గీసిన గీత. సున్నమైతే గాలికి పోతుంది. ఇంజనాయిల్ గీత ప్రళయమొచ్చినా పోదు. మా కొంప ముంచింది అదే.

పదేళ్ళు స్టోరులో కూర్చుని పెంచుకున్న పొట్ట నాకంటే అరగంట ముందు మైదానానికి చేరుతుంది కాబట్టి, నన్ను ఎప్పుడూ అంపైరుగా నిలబెట్టేవారు. అక్కడి కట్టుబాటు ప్రకారం బ్యాటింగ్ చేసే జట్టే అంపైరును ఇవ్వాలి. ఆ అంపైరు తనవాళ్ళను చూసీచూడనట్టు వదిలెయ్యాలి. అవతలివాళ్ళు నోరారా తిట్టుకుని, తమ వంతు వచ్చినప్పుడు అదే పని చేస్తారు. ఆ విధంగా అన్యాయం రెండు జట్లకూ సమానంగా అందేది.

ఆ జూన్‌లో టైర్ల షాపు వాళ్ళతో పందెం పడింది. గెలిచినవాళ్ళకు వేసవంతా పొద్దున ఆరు గంటల ఆట. ఓడినవాళ్ళకు పది గంటల ఆట. పదింటికి అక్కడి ఇసుకలో పెసరట్టు వేసుకోవచ్చు, నూనె కూడా అక్కర్లేదు. మిగతావాళ్ళం ఎలాగో ఓర్చుకుంటాం. మా కెప్టెన్ సంగతే వేరు. ఆయన అమలాపురం వైపు నుంచి వచ్చిన వెల్డింగు మేస్త్రి, యాభై దాటినవాడు. అంతకు ముందు వారమే ఎండకు కళ్ళు తిరిగి పడ్డాడు. పొద్దెక్కాక ఎండలో పరుగులు పెడితే ప్రాణానికే ముప్పని క్లినిక్‌లో డాక్టరు గట్టిగా చెప్పాడు. మేము ఓడితే మేస్త్రి బ్యాటు పక్కన పెట్టాల్సిందే. వారమంతా నిప్పురవ్వల మధ్య గడిపే ఆ మనిషికి ఆ మూడు గంటల ఆటే సెలవు.

ఆట మొదలుకాకముందు టైర్ల షాపు కెప్టెన్ పేచీ పెట్టాడు. "ఉస్తాద్, మీ గీత ముందుకుంది. పిచ్ ఛోటా హై!"

మేస్త్రికి పౌరుషమొచ్చింది. "మాకు దొంగాట రాదు భాయ్" అంటూ తన పాదాలతో కొలిచి, నేను నిలబడే వైపు, జానెడు వెనక్కి, డ్రమ్ముకు దగ్గరగా కొత్త గీత గీశాడు. పాత గీత మాత్రం అలాగే నల్లగా ఉండిపోయింది.

ఆఖరి వికెట్టు. గెలవడానికి రెండు పరుగులు కావాలి. మావాళ్ళు లారీల మీదెక్కారు. మేస్త్రి బంతిని కొట్టి నా వైపు పరుగందుకున్నాడు. టైర్ల షాపు కుర్రాడెవడో బంతిని విసిరాడు. మేస్త్రి బ్యాటు చాపుతూ ఇసుకలో పడ్డాడు. నా పక్కన డ్రమ్ము ఢామ్మని మోగింది.

"ఆవుట్ హై! యల్లా, జల్దీ, అంపైర్ సాబ్, బోలో!"

నేను చూశాను. అక్కడ నేను చూడకుండా ఉంటే ఎంత బావుండేది! డ్రమ్ము మోగేసరికి బ్యాటు పాత గీత దాటింది, కొత్త గీతను మాత్రం అందుకోలేదు. సరిగ్గా రెండింటి మధ్య ఉంది.

"బాబాయ్, గీత దాటిండు గద!" కరీంనగర్ కుర్రాడు లారీ మీంచి అరిచాడు.

"నాటౌటని చెప్పు బాబాయ్, ఏంది ఆలోచన?" నెల్లూరు కుర్రాడు దూకేశాడు.

మేస్త్రి పడినచోట నుంచే తలెత్తి నా వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అన్నా నేను నాటౌట్ ఇచ్చేసేవాణ్ణి. నా వేలు లేచింది.

ఆ తరువాత విన్న మాటలన్నీ రాస్తే ఈ కాగితం మండిపోతుంది. గదికి తిరిగి వెళ్ళే పికప్‌ బండిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మేమంతా కలిసి ఉండే గదిలో నా పళ్ళెంలో చారు పోసిన చెయ్యి కూడా మొహం తిప్పుకునే పోసింది. "మనోడివై ఉండి మేస్త్రిని ఇంట్ల కూసోబెట్టినవ్" అన్నాడు కరీంనగర్ కుర్రాడు.

మేస్త్రి మాత్రం అన్నం కలుపుకుంటూ, "కొలిచింది నా పాదాలేరా. ఖలాస్, వదిలెయ్యండి" అన్నాడు. అలా అన్నాడే గానీ, ఆ వారమంతా ఆయన కూడా నాతో మాట్లాడలేదు.

ఆ తరువాతి ఆదివారం పదింటికి ఇంకో జట్టుతో మైదానంలో దిగాం. కాసేపటికి మేస్త్రి నల్ల గొడుగుతో వచ్చాడు. "ఆడొద్దన్నాడు గానీ నీడలో నిలబడొద్దనలేదు డాక్టరు" అన్నాడు. ముందు పాత గీత మీద కాలితో ఇసుక తోసి పూర్తిగా కప్పేశాడు. తరువాత గొడుగు తెరిచి అంపైరు చోట నిలబడ్డాడు. ఆయన పక్కన పెట్టిన బ్యాటు నా చేతికొచ్చింది.

మొదటి బంతి నా పొట్ట పక్క నుంచి పోయి కీపరు చేతిలో పడింది. అవతలివాళ్ళు ఏదో మొక్కుబడిగా అరిచారు. గొడుగు కింద నుంచి వేలు లేచింది.

"చొక్కాకి తగిలింది మేస్త్రీ!" అన్నాను, గుండెలు బాదుకుంటూ.

"నాకు బ్యాటుకే తగిలినట్టు కనబడింది. పద పద."

వారం రోజుల తరువాత మావాళ్ళు మొదటిసారి నా పక్షాన నిలబడ్డారు. లారీల మీద నుంచి గొడుగును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. పికప్‌లో నా పక్కన ఇద్దరు కూర్చున్నారు.

బంతి బ్యాటుకే తగిలింది. ఆ సంగతి నేను ఇప్పటికీ గదిలో ఎవరికీ చెప్పలేదు.