తూర్పు గుమ్మాల వరస

రాజమండ్రి శివార్లలో మా సహకార పారిశ్రామికవాడ అంటే ఇప్పుడు సిమెంటు రోడ్డు, వీధి దీపాలు, వచ్చే పోయే లారీలు. మేం వెళ్ళిన కొత్తలో అది పల్లపు చేను. గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలిచేవి. చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళు కొందరు కలిసి సొసైటీ పెట్టుకుని, ఆ చేను కొని, మెరక తోలించి, మధ్యలో రోడ్డు వేసి, దానికి అటొక వరస ఇటొక వరస స్థలాలు పంచుకున్నారు. బోరు అందరిదీ, ట్రాన్స్‌ఫార్మరు అందరిదీ. డెల్టాలో వరి చేలు రొయ్యల చెరువులుగా మారుతున్న రోజులవి. ఆ చెరువుల్లో నీళ్ళను చిలికే ఏరేటర్లకు ఇరుసులు చేయాలని మావారి కోరిక. సొసైటీలో మాకూ ఒక స్థలం దొరికింది. స్వామి దయ అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

సొసైటీవారిది ఒక నియమం ఉండేది. స్థలం తీసుకున్నవాళ్ళు గడువులోగా మిషను తిప్పి చూపించాలి. లేదంటే ఆ స్థలం వెనక్కి తీసుకుని, కాచుకుని ఉన్న మరొకరికి ఇస్తారు. స్థలాలు పట్టుకుని ఖాళీగా పెట్టుకునేవాళ్ళ బెడద లేకుండా పెట్టిన నియమం. మంచిదే.

మాది తూర్పు వరస. రోడ్డేమో మాకు పడమటి వైపు. తూర్పున పంటకాలవ గట్టు. గుమ్మం తూర్పుకే ఉండాలని కోరుకోనివాళ్ళు మాలో లేరు. అందుకని మా పక్క కొబ్బరితాళ్ళ షెడ్డు, ఆ పక్క అల్యూమినియం గిన్నెల షెడ్డు, ఒకరిని చూసి ఒకరు, అందరం కాలవ గట్టు వైపే గుమ్మాలు పెట్టించుకున్నాం. రోడ్డు వైపు నిండు గోడ. ఆ రోడ్డు వేయించమని సొసైటీ చుట్టూ తిరిగిందీ మేమే, దానికి వీపు పెట్టిందీ మేమే. వింతని ఎవరికీ తోచలేదు. మామగారు దగ్గరుండి మా గుమ్మానికి వేపచెక్క గడప వేయించారు. నేను రోజూ దానికి పసుపు రాసి బొట్లు పెట్టి వచ్చేదాన్ని.

గడువు దగ్గర పడ్డాక, బాగా వాన కురిసి వెలిసిన మర్నాడు, ఇరుసులు చెక్కే మా లేత్ మిషను లారీలో వచ్చింది. డ్రైవరు షెడ్డు చుట్టూ తిరిగి గట్టు మీదికి వెళ్ళి, బురదలో దిగబడిన చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చాడు.

"ఏంటండీ బాబూ ఇది! కాలవకి గేటెట్టి రోడ్డుకి గోడెట్టారేంటండీ? నాది లారీ అండి, పడవ కాదు!"

తాళ్ళ షెడ్డు యజమాని పడీ పడీ నవ్వారు. "మేమంటే తాళ్ళచుట్టలు నెత్తినెట్టుకుని మోసుకుంటన్నాం. మిషను మీరు నెత్తినెట్టుకుంటారా ఏంటి, బాబాయిగారూ?"

"నీ గేటు మాత్రం ఎటుందయ్యా?" అన్నారు మామగారు. ఆయన దుంగలు తేవడానికి వెళ్ళారు.

దుంగలు వేసి గట్టు మీంచి దొర్లిద్దామని చూశారు. మొదటి దుంగే బురదలో కూరుకుపోయింది. చివరికి మావారు అననే అన్నారు. "నాన్నా, రోడ్డు వైపు గోడ కొట్టిద్దాం."

"పడమటి గుమ్మమా? నేనుండగా కుదరదు."

"స్థలమే పోయాక గుమ్మం ఎటుంటే ఏంటి నాన్నా?"

"సాయంత్రం దాకా చూత్తానండి. ఆ తర్వాత మాత్రం జంగారెడ్డిగూడెంలో లోడుందండి నాకు" అన్నాడు డ్రైవరు.

మామగారు వెళ్ళి గడప పక్కన మెట్టు మీద కూర్చున్నారు. మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చాను. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా తాతగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. అయినా సాయంత్రాలు పురాణం చదివి వినిపించేదాన్నని ఇలాంటి విషయాల్లో ఆయన నన్ను అడుగుతుండేవారు.

"నువ్వేమంటావమ్మా?"

"నాకేం తెలుసు మావయ్యగారూ. అటు గోడ కొట్టినా, నేను పసుపు రాసే గడప మాత్రం ఇదొక్కటే. అక్కడ గడప ఉండదు కదండీ."

ఆయన గ్లాసు నోటి దగ్గరే ఆపేశారు. "గడప లేకుండానా?"

"లేకుండానేనండి. కోతలప్పుడు బండి దిగడానికి మనం చేనుగట్టు కొడతాం చూడండి, అలాగ. దాన్ని గుమ్మం అనం కదా."

నేను ఆయన మనసు తేలికపడాలని అన్నాను, అంతే. కోరుకొండ కింద మెట్టపొలం చేసిన మనిషి కదా, ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. మజ్జిగ పూర్తిగా తాగి లేచారు.

"ఒరేయ్, కొట్టించు. గడపా వద్దు, పైన దూలమూ వద్దు. దూలం ఉంటే గుమ్మమైపోద్ది. రేకుల దాకా కొట్టేయండి!"

కప్పు స్తంభాల మీద నిలబడింది కనుక భయం లేకపోయింది. అందరికన్నా ముందు గునపం తెచ్చింది తాళ్ళ షెడ్డాయనే. "మీరు ఊఁ అంటే రేపు మాదీ కొట్టుకోవచ్చండి, అందుకే!" అన్నారు. పొద్దు వాలేలోగా లేత్ లోపల దిగింది. డ్రైవరు పకోడీ పొట్లం పట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఏడాది తిరిగేసరికి మా వరసంతా రోడ్డు వైపు తెరుచుకుంది. మా ఇరుసులు భీమవరం చెరువుల దాకా వెళ్ళాయి. ఆ అన్నమే తిన్నాం, పిల్లలను చదివించుకున్నాం. ఎవరికని దణ్ణం పెట్టను!

గడువు ఇంకా ఉండగానే సొసైటీ ప్రెసిడెంటుగారు మిషను చూడడానికి స్కూటరు మీద వచ్చారు. రోడ్డు మీంచి నేరుగా లోపలికి అడుగుపెట్టబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది లారీలకండి. మనుషులకి గుమ్మం అటుంది."

"అటంతా బురదండి బాబూ!"

"కాళ్ళకి నీళ్ళిస్తాం లెండి."

పాపం, ఆయన పంచె పైకెత్తి పట్టుకుని గట్టు మీంచి చుట్టూ తిరిగి వచ్చారు. గడప దగ్గర నేనే చెంబుతో నీళ్ళిచ్చాను. మావారు స్విచ్చు వేశారు. లేత్ తిరిగింది. నీలం రంగు ఇనుప పొట్టు మెలికలు తిరుగుతూ కింద పడింది. ప్రెసిడెంటుగారు కాసేపు చూసి, "ఇంకేంటండీ, స్థలం మీదే" అన్నారు. నేను పెట్టిన దద్ధ్యోజనం తృప్తిగా తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, మామగారి దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు.

"ఈ వరస చివర మా షెడ్డుదీ ఇదే తంటా అండి. ఇంతకీ, దూలం కూడా ఉండకూడదంటారా?"

మామగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "పదండి, చూసి చెప్తాను" అని వెళ్ళి ఆయన స్కూటరు వెనక కూర్చున్నారు.