ఒకే రోజు తగిలిన రెండు దెబ్బలు

యాలాల్ నుంచి తాండూరు పోతుంటే నా స్కూటీ జారింది. నాపరాళ్లు పాలిష్ పట్టే చోట రోడ్డు మీదికి పారిన తెల్లటి రాతి బురద, వాన పడి జిగటగా ఉంది. నేనూ, వెనక కూర్చున్న అమ్మా ఒకే పక్కకు పడ్డాం. ఇద్దరికీ మోకాలి కింద అరచేయంత మేర చర్మం లేచిపోయింది. ఇద్దరికీ ఒకే మందు రాసి కట్టు కట్టారు. నాకు నలభై దాటాయి, అమ్మకు డెబ్భై దాటాయి.

రెండు వారాలకు నా దెబ్బ పక్కు కట్టి, అది రాలి, మానిపోయింది. అమ్మది ఎర్రగా, తడిగా అలాగే ఉంది. కట్టు విప్పినప్పుడల్లా ఆమె నా కాలి వంక చూసేది, తర్వాత తన కాలి వంక. మా వాడలో ఒకాయనకు షుగర్ ముదిరి కాలు తీసేశారు. అమ్మకు ఆ భయం పట్టుకుంది. అన్నం కూడా సరిగా తినడం మానేసింది.

"నా కాలు గూడ తీసేస్తరా బిడ్డా?" అని ఒక పొద్దున అడిగింది. ఆ రోజే వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రక్తపరీక్ష చేయించింది. షుగర్ లేదు. పుండులో చీము లేదు. పాదంలో నాడి బాగానే అందుతోంది.

"మరి ఎందుకు మానుతలేదు మేడం?" అన్నాను.

"వయసు. దెబ్బ చుట్టూ ఉన్న కణాలు ఒకటి రెండయి, రెండు నాలుగయి కొత్త చర్మం కట్టాలె. మీయి జల్ది పెరిగినయి. మీ అమ్మవి నిదానం. కొన్ని అయితే పెరుగుడే బంద్ చేసినయి. అట్లని చావవు. ఉన్న చోటనే ఉండి పక్క కణాలను గూడ సతాయిస్తయి."

అమ్మ అంతా విన్నది. "అయితే నా ఒంట్ల పనిచేసేటియి ఏమన్న మిగిలినయా?"

"మస్తున్నయి పెద్దమ్మా. వాటికి జర టైమ్ కావాలె. గుడ్డు, పప్పు మంచిగ తిను."

"కాలు ఉంటది గదా?"

"ఉంటది. ఫికర్ చెయ్యకు."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ముసలితనమంటే ముడతలు, తెల్లజుట్టు అనుకునేదాన్ని. కంటికి కనిపించని కణానికి కూడా వయసు మీద పడుతుందని ఆ కట్లు మారుస్తూనే తెలుసుకున్నాను. పుండు అంచున గులాబీరంగు గీత ఒకటి మొదలై, మెల్లగా లోపలికి జరుగుతూ వచ్చింది. ఒక్కో వారం అసలు కదిలేదే కాదు. అప్పుడు అమ్మ కంటే నేనే ఎక్కువ పరేషాన్ అయ్యేదాన్ని.

కంది పూతకొచ్చే నాటికి పూర్తిగా మూసుకుంది. ఆ చోట చర్మం ఉల్లిపొరలా పలచగా, నున్నగా వచ్చింది. గోరు తగిలినా చిట్లుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డ చుట్టేదాన్ని.

కొన్నాళ్లకు అమ్మ కోట్‌పల్లిలో ఉన్న తన చెల్లెలి ఇంటికి పోయి వారం ఉండి వచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ రోజూ సాయంత్రం ఊరి దగ్గరి నీళ్ల ప్రాజెక్టు కట్ట దాకా నడిచారట.