ఉలవల సంచిలో మాత్రలు

గుర్రం కాళ్లు చూడగానే శ్రీరమ్యకు అనుమానం వచ్చింది. ఆదివారం ఆమె కొడుకు, ఎనిమిదేళ్ల బాలుకి పంచెల ఫంక్షన్. పిల్లాణ్ణి ఊరేగించేది ఈ గుర్రం మీదే. ప్రత్తిపాడు శివారున, మిర్చి ఎత్తేసిన కల్లంలో గుర్రం యజమాని హుస్సేన్ సాహెబ్ దాని మీద కూర్చుని చుట్లు తిప్పుతున్నాడు.

"మామయ్యా, ఎంత వేగంగా పోతున్నా ఒకే పక్క కాళ్లు రెండూ వెంటవెంటనే పడుతున్నాయి చూడండి. కుంటిదేమో!"

బుల్లయ్య నవ్వాడు. "నీ కాలేజీ పాఠం దానికెవరూ చెప్పలేదమ్మా."

కెమిస్ట్రీ చెప్పే కోడలు ఊరుకోలేదు. ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూసింది. నాలుగు గిట్టలు నాలుగుసార్లు, వేరువేరుగా నేలను తాకుతున్నాయి. ఏ క్షణాన చూసినా ఒక కాలైనా నేల మీదే ఉంది. కుంటి గుర్రమైతే తల ఊపాలి. ఇది ఊపడం లేదు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు సరికదా, అనుమానం ఇంకో మెట్టెక్కింది. నొప్పి తెలియకుండా దీనికేదైనా పెడుతున్నారా?

కంచె పక్కన ఉలవల సంచి ఉంది. మూతి విప్పితే గింజల్లో మాత్రల అట్ట దొరికింది. నొప్పి తగ్గించే మందు. పదిలో నాలుగు లేవు.

"ఏంటండీ ఇది? దీనికి మందేసి మా పిల్లాణ్ణి ఎక్కిస్తారా?"

హుస్సేన్ సాహెబ్ మెల్లగా గుర్రం దిగాడు. చొక్కా అంచు పైకెత్తాడు. నడుముకు జానెడు వెడల్పు బెల్టు.

"అవి నాకమ్మా. ఇరవై రెండేళ్లు చీమకుర్తిలో రాయి లారీ తోలాను. గుంటల్లో నడుం పోయింది. బస్సు వద్దు, బండి వద్దు, కుదుపు తగలకూడదన్నారు డాక్టరుగారు. ఓ పెళ్లిలో ఈ చాందినీ మీద సరదాకి ఎక్కా, దిగాక కొనేశా. రాజస్థాన్ జాతి, ఈ నడకని రేవాల్ అంటారు. పుట్టుకతోనే వస్తుంది. పరుగులాంటి వేగం, ఊయల్లాంటి కూర్చోడం. నా వెన్నుకి తెలిస్తే ఒట్టు!"

"మరి సంచిలో దాచడమెందుకు?"

"మా ఆవిడ జానీబీ చూసిందంటే నన్ను మళ్లీ ఎక్కనివ్వదు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పానమ్మా ఇంట్లో."

శ్రీరమ్య చాందినీ వైపు చూసింది. "ఆ చెవుల కొనలెందుకు ఒకదానికొకటి ఆనుకున్నాయి?"

"ఆ జాతికంతేనమ్మా. దానికీ మందెయ్యలా."

ఆమె ఫోనులో ఫొటోలు వెతికి సరిపోల్చుకుంది. ఆ తర్వాత, "ముందు నేనెక్కి చూస్తా" అంది.

"ఫంక్షను మనవడికా, కోడలికా?" అన్నాడు బుల్లయ్య.

హుస్సేన్ సాహెబ్ కళ్లెం పట్టుకుని నడిపించాడు. మొదటి చుట్టు ఆమె జీను వదల్లేదు. మూడో చుట్టులో వేగం పెంచితే, ఎగిరిపడతానని పళ్లు బిగబట్టింది. ఒక్క కుదుపూ రాలేదు. దిగాక వద్దని మాత్రం అనలేదు.

ఆదివారం పందిరి ముందు డప్పులు మొదలయ్యాయి. పట్టుపంచెలో బాలు గుర్రం దగ్గర గంతులేస్తున్నాడు. శ్రీరమ్య నీళ్ల గ్లాసుతో హుస్సేన్ సాహెబ్ ఎదుట నిలబడింది.

"ఇవ్వాళ్టి మాత్ర మీరే, నా ముందు వేసుకోండి."

అతను నవ్వి, సంచిలోంచి అట్ట తీసి ఒకటి మింగాడు, నోరు తెరిచి చూపించాడు. అప్పుడు ఆమె బాలుని ఎత్తి జీను మీద కూర్చోబెట్టింది. ఊరేగింపు సాగినంతసేపూ వాడి చీలమండ మాత్రం వదల్లేదు.