మైకులో పిలిచిన పేరు

మార్చురీ పక్క గదిలో కూర్చుని పులిహోర తిన్న మనిషిని నేను. ట్రైనింగు రోజుల్లో తోటి ఆడపిల్లలు అటువైపు వెళ్ళాలంటే చేతులు పట్టుకుని వెళ్ళేవారు. వాళ్ళని తెగ ఏడిపించేదాన్ని. పోయినవాళ్ళు మనల్నేం చేస్తారే, వేగలేక చచ్చేది బతికున్నవాళ్ళతోనే కదా అనేదాన్ని. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. కానీ ఆ రోజు జరిగింది మాత్రం ఇంతవరకు నాకు అరగలేదు. అందుకే రాస్తున్నాను.

మాది శృంగవరపుకోట. అరకు వైపు కొండల్లో అంబులెన్సు మీద టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. బండిలో ఇద్దరమే ఉంటాం. పేషెంటుని చూసుకునేది నేను, బండి నడిపేది అప్పలరాజు. మా ఉద్యోగంలో డ్రైవరుని పైలట్ అంటారు. ఆ మాటంటే అతనికి మహా ఇష్టం. స్టీరింగు ముందు విమానం లేపబోతున్నట్టే కూర్చుంటాడు.

మా బండి వెళ్ళేది తారు రోడ్డు ఉన్నంత వరకే. ఆ పైన ఉన్న ఊళ్ళ నుంచి రోగిని డోలీలో మోసుకొస్తారు. పొడవాటి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుని కొండ దిగుతారు. ఆ మోతగాళ్ళకీ మాకూ మధ్య పొత్తు కుదిర్చింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఊరూరా మోతగాళ్ళని జట్లుగా చేసి, సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి మాకు ఫోన్ చేయడం అలవాటు చేసింది. సంస్థ తరఫున మాతో తిరిగేవాడు సోమన్న. అక్కడి కొండ మనిషే. డిగ్రీ చదివాడు, ఆదివారం చర్చికి వెళ్తాడు, బైకు మీద ఎంత ఏటవాలైనా దిగేస్తాడు.

అంతా బాగానే నడుస్తుండగా చలికాలం వచ్చింది. అరకు మంచు చూడ్డానికి బస్సులు కట్టించుకుని వచ్చేవాళ్ళకి అది అందం, మాకు శని. పొద్దెక్కేదాకా ఎదుట మనిషి కనపడడు. మోతగాళ్ళు ఒక మలుపులో దిగితే మేం ఇంకో మలుపులో ఎదురుచూసేవాళ్ళం. ఒకసారి రెండు డోలీలు ఒకే వేళకి దిగాయి. ఒకరి కోసం వెళ్ళిన బండిలో ఇంకొకరిని ఎక్కించేశారు.

దాంతో మా అధికారులు, సంస్థవాళ్ళు, ఆశా కార్యకర్తలు, మోతగాళ్ళు అందరూ ఒకచోట కూర్చుని మీటింగు పెట్టారు. బండికి మైకు ఉంది కదా, రోడ్డు చివర ఆగి రోగి పేరు పెట్టి పిలవండి, ఆ గొంతు పట్టుకుని వాళ్ళు దిగుతారు, మనిషి ఎవరో కూడా సరిచూసుకున్నట్టు ఉంటుంది అని తీర్మానించారు.

వెనక బెంచీలోంచి ఒక ముసలి మోతగాడు లేచాడు. "డోలీ ఎక్కినోల పేరు దార్లో ఎత్తకూడదు బాబూ. మాం ఎత్తం. పిలిత్తే ఎటుకాసి పలుకుతాదో ఎవలికి తెల్సు?" అన్నాడు.

హాల్లో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. పాత అలవాట్లండీ, మెల్లిగా పోతాయి అని సోమన్న సర్దిచెప్పాడు. ఈలోగా టీలు వచ్చాయి, ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే జమున కేసు వచ్చింది. పొద్దున్నే సోమన్న ఫోన్ చేశాడు. మొదటి కాన్పు, ముందు రోజు సాయంత్రం ఇంట్లోనే అయింది, మగపిల్లాడు, బిడ్డ బాగానే ఉన్నాడు. తల్లికి రక్తం ఆగడం లేదు. డోలీ బయల్దేరింది, మీరు బేగి వచ్చేయండి అన్నాడు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం అంటే మాకు గుండె జారిపోయే మాట. అంతసేపు ఆగలేదంటే ఆ పిల్ల బతకడం కష్టమేనని నాకు అప్పుడే తెలుసు.

రోడ్డు ఒక కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. ఎడమ పక్క కొండ, ఊరి దారి దిగేది అటు నుంచే. కుడి పక్క లోయ. ఆ లోయలో ఊరు గానీ తోట గానీ లేవు. అంతా నిలువు రాయి, అడుగున కొండవాగు పారుతుంది, గెడ్డ అంటారు. మేం వెళ్ళేసరికి సోమన్న బైకు ఆపుకుని మా కోసం చూస్తున్నాడు. తెల్లారి చాలాసేపయినా మంచు మాత్రం పాలు విరగ్గొట్టి పోసినట్టు ఉంది.

అప్పలరాజు సైరను ఒకసారి మోగించి మైకు అందుకున్నాడు. "జమునా... జమునా... బండి ఇక్కడుందమ్మా, ఇటు దిగండి" అన్నాడు.

కాసేపటికి ఒక ఆడగొంతు పలికింది. "ఓయ్... వత్తన్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. మాట్లాడుతోందంటే తెలివిలో ఉన్నట్టే, ఇంకా ఆశ ఉంది. అదే సోమన్నతో అన్నాను. అతను సంతోషించలేదు. కుడి వైపు చూస్తున్నాడు. "మేడం, దారి ఎడమ పక్క కదా" అన్నాడు నెమ్మదిగా.

అప్పలరాజు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే జవాబు. లోయలోంచి. వయసులో ఉన్న పిల్ల గొంతు, బాగా అలిసిపోయిన గొంతు. ఈసారి ఇంకొంచెం దగ్గర. నేను పిట్టగోడ దాకా వెళ్ళి వంగి చూశాను. తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఎవరో పైకి పాకుతున్నట్టు కింద చిన్న రాళ్ళు జారిన చప్పుడు మాత్రం విన్నాను.

అప్పుడు ఎడమ వైపు నుంచి డోలీ దిగింది. ముందు కర్ర పట్టుకున్నది జమున మొగుడు లచ్చన్న. డోలీ వెనకే అతని తల్లి, పసివాణ్ణి పాత చీరలో చుట్టి గుండెకి అదుముకుని వస్తోంది. "మైకు ఆపండి! పేరెత్తమని ఎవలు సెప్పినారు?" అని రెండో మోతగాడు దూరం నుంచే కేకలు.

దుప్పటి తీసి చూశాను. పెదవులు సున్నం రాసినట్టు ఉన్నాయి. ఒళ్ళు చల్లగా ఉంది, దవడ వేలాడుతోంది. ఈమె ఎప్పుడు మాట్లాడింది అని అడిగాను.

"కోడి కూసినకాడి నుంచి మాట నేదు మేడం" అన్నాడు లచ్చన్న.

మేం ఎవరమూ పిలవలేదు. అయినా కుడి పక్క నుంచి, పిట్టగోడకి కాస్త కిందగా, "వత్తన్నాను" అని వినపడింది. అక్కడున్న అందరం విన్నాం. లచ్చన్న ముఖం చూస్తే ఆ గొంతు ఎవరిదో వేరే అడగక్కర్లేకపోయింది.

స్ట్రెచర్ లోపలికి ఎలా ఎక్కించామో నాకు గుర్తు లేదు. లచ్చన్న, అతని తల్లి నాతో వెనక ఎక్కారు. సోమన్న బైకు అక్కడే పడేసి పైలట్ పక్కన కూర్చున్నాడు. అప్పలరాజు ఘాట్ రోడ్డులో అంత వేగంగా తోలడం నేనెప్పుడూ చూడలేదు.

నా పని నేను మొదలుపెట్టాను. ఆక్సిజన్ పెట్టాను, రెండు చేతులకీ సెలైన్ ఎక్కించాను, గర్భసంచి గట్టిపడే ఇంజెక్షన్ ఇచ్చి పొట్ట మీద ఒత్తుతూ ఉన్నాను. మణికట్టు దగ్గర నాడి లేదు. మెడ దగ్గర సన్నగా తగులుతోంది. తెలివిలో లేని మనిషికి మాకు నేర్పే మొదటి పాఠం ఒకటే, భుజం తట్టి పేరు పెట్టి గట్టిగా పిలవడం. అలవాటు కొద్దీ నా నోట్లోంచి వచ్చేసింది. "జమునా!"

"ఓయ్."

స్ట్రెచర్ మీది పిల్ల పెదవి కదపలేదు. ఆ పలుకు వెనక తలుపు అవతల నుంచి వచ్చింది. బండి పరుగెడుతూనే ఉంది. వెనక అద్దంలోంచి చూస్తే రోడ్డు, మంచు, అంతే.

ముసలామె బిడ్డని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నా నోరు మూసేసింది. "పిలవకమ్మా! అది నా కోడలు కాదు. దాని గొంతు పట్టుకుని వత్తంది" అంది.

లచ్చన్న తల్లి చెయ్యి లాగేశాడు. "అది జమునేనే అమ్మా! డోలీ బేగి దించీసినాం, ఎనకబడిపోనాది. పిలండి మేడం, పిలిత్తేనే వత్తాది. ఆపీసినారంటే గెడ్డకాడే ఉండిపోతాది" అని నా కాళ్ళు పట్టుకున్నాడు.

ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఏ పుస్తకంలో ఉంది దీనికి జవాబు? ఫోన్లో డాక్టరుని అడుగుదామంటే ఆ మలుపుల్లో సిగ్నలు లేదు. ఉన్నా ఏమని అడగను? ఈలోగా ఆ పిల్ల ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగిపోతోంది. మెడ దగ్గర నాడి నా వేళ్ళ కింద నుంచి జారిపోతోంది. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు, ఏడుపు వచ్చేసింది. కానీ చూస్తూ చూస్తూ చావనివ్వలేను. కళ్ళు తుడుచుకుని పిలిచాను.

ఆ గొంతు బండి పక్క కిటికీ దగ్గర నుంచి పలికింది. నా వేళ్ళ కింద నాడి కొంచెం గట్టిగా కొట్టుకుంది.

మళ్ళీ పిలిచాను. ఈసారి పలికింది బండి లోపల, సిలిండరు పక్క నుంచి. అక్కడ ఎవరూ లేరు. ముసలామె చీర కొంగు తీసి బిడ్డ తల పూర్తిగా కప్పేసింది. లచ్చన్న కళ్ళు గట్టిగా మూసుకుని వాళ్ళ భాషలో ఏదో వేడుకుంటున్నాడు. ముందు సీట్లో సోమన్న ప్రార్థన పైకే వినపడుతోంది.

ఇంకోసారి పిలిచాను. ఏ పక్క నుంచీ పలుకు లేదు. జమున కళ్ళు తెరిచింది. నేరుగా నన్నే చూసింది.

"వచ్చీసినాను" అంది. అదే గొంతు, అదే అలుపు.

కొంగు కింద పసివాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి దాకా ఏడుపు ఆపలేదు.

అక్కడ రక్తం ఎక్కించారు, జమున బతికింది. సెలైనూ ఇంజెక్షనూ వేళకి పడ్డాయి, నువ్వు లేకపోతే ఈ పిల్ల దక్కేది కాదు అని డాక్టరమ్మ నా భుజం తట్టింది. నా రిపోర్టులో నేనూ అదే రాశాను. అది అబద్ధం కాదు. సెలైన్ ఎక్కే కొద్దీ నాడి అందుకోవడం మామూలే.

మరి ఆ గొంతు? కొండల్లో ప్రతిధ్వని అని ఎంతగానో సరిపెట్టుకున్నాను. ప్రతిధ్వని అయితే మన మాటే మనకి తిరిగొస్తుంది, వేరే మాటతో బదులివ్వదు. లోయలో ఎవరైనా పశువులు కాస్తున్నారేమోనని సోమన్న చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడిగాడు. ఆ రోజు అటు ఎవరూ దిగలేదు. అప్పలరాజు ఎవరితోనూ మాట్లాడకుండా కింద టౌనుకి బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఉమ్మడి మీటింగులో మైకులో రోగి పేరు పిలవడం మానేయాలని సోమన్న అడిగాడు. ఊరి పేరు పిలిస్తే చాలు అన్నాడు. అధికారులు వెంటనే ఒప్పుకున్నారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి కదా, మంచి ఆలోచన అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు గానీ, ఎవరూ ఏమీ అడగలేదు కూడా.

బాలింతలని చూసిరావడం కూడా సంస్థా మేమూ కలిసి చేసే పనుల్లో ఒకటి. అలా కొన్ని నెలల తర్వాత సోమన్నతో ఆ ఊరు ఎక్కాను. జమున ముంగిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తోంది. ఒళ్ళు చేసింది, నవ్వుతూ మాట్లాడింది, మాకు రాగి అంబలి పోసింది. ఆ రోజు సంగతి తనకి ఏమీ గుర్తు లేదంది. లచ్చన్న ముఖంలో సంతోషం చూసి నా మనసు కుదుటపడింది.

తిరిగి దిగుతుంటే ముసలామె మనవణ్ణి చంకనేసుకుని మలుపు దాకా నా వెంట వచ్చింది. సోమన్న ముందు వెళ్ళిపోయాడు.

"మంచిదేనమ్మా. నన్ను బాగా సూత్తాది. వండి పెడతాది, నాను తింతన్నాను" అంది. మనవణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. "గుంటడు మాత్రం దాని పాలు ముట్టడు. ఒక్కనాడూ ముట్టలేదు. దాని ఒళ్ళో ఎడితే గుక్కెట్టేత్తాడు. మేక పాలు పట్టి పెంచతన్నాను."

ఆసుపత్రిలో ముందు సీసా పాలకి అలవాటు పడ్డ పిల్లలు కొందరు తల్లి పాలు తాగరని చెప్పాను. అది నిజమే. అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ముసలామె నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది, తల ఊపింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నీకు దండవెడతాను తల్లీ. నువ్వు కిందకెల్తన్నావు కదా, ఆ కల్వర్టుకాడ బండి ఆపి ఇంకొక్కపాలి దాని పేరు పిలిసి సూడవా? నా కోడలు ఇంకా అక్కడే ఉందేమో."

సరే అన్నాను. బండి దగ్గరికి దిగాక మైకు చేతిలోకి తీసుకున్నాను కూడా. కొత్త పైలట్ ఏంటి మేడం అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి మైకు పెట్టేశాను. పలకకపోతే ఫరవాలేదు. పలికితే ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.