బావ కణితి వేట

మా బావకి ఏదైనా బుర్రలోకి ఎక్కిందంటే దాన్ని దించడం మా అక్క వల్ల కూడా కాదు. సిడ్నీ శివారు టూంగాబీలో ఇల్లు, బ్లాక్‌టౌన్‌లో ఉద్యోగం, ఆదివారం పెండిల్ హిల్ వెళ్తే మటన్. మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆయన మాత్రం ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, పరీక్ష రాసి, తుపాకీ లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత సిడ్నీకి బాగా దక్షిణాన, సముద్రాన్ని ఆనుకున్న అడవిలో వేటకి తీసుకెళ్లే గైడ్‌ని వెతికి పట్టుకున్నాడు. నాకు లైసెన్స్ లేదు. తోడుకి రమ్మన్నాడు. సంచులు మోయడానికేనని నాకు తెలుసు.

అసలు గొడవంతా మాంసం గురించి. రంజాన్‌లో ఒక ఇఫ్తార్ దగ్గర బావ నోరు జారాడు, తను కొట్టిన కణితి జింక మాంసంతో అందరికీ బిర్యానీ పెడతానని. అక్కడే కూర్చున్న హైదరాబాద్ అంకుల్ ఒకాయన మెలిక పెట్టాడు. బిస్మిల్లా చెప్పి కాల్చాక, ఆ గుండుకే జంతువు చనిపోతే తినొచ్చు. కానీ మనం దగ్గరికి చేరేసరికి దానికింకా ప్రాణం ఉంటే మన చేత్తో గొంతు కోసి హలాల్ చేయాల్సిందే, చేయకుండా వదిలేస్తే ఆ మాంసం ముట్టకూడదు. ఆ మాట బావని పట్టుకుని వదల్లేదు. కారు డ్రైవ్ చేస్తున్నంతసేపూ అదే ఆలోచన, అదే చర్చ. సంచిలో కొత్త కత్తి కూడా ఒకటి పెట్టుకున్నాడు.

ఈ సంగతి గైడ్‌కి ముందే చెప్పమన్నాను. వినలేదు.

"ఆమెకెందుకురా మన గొడవ? మళ్లీ అదంతా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాలి, ఆమె మనల్ని ఒక రకంగా చూడాలి. సైలెంట్‌గా మన పని మనం చేసుకుంటే పోలా?"

ఆయన అంతే. శుక్రవారం నమాజుకి వెళ్లాలన్నా ఆఫీసులో డెంటిస్ట్ దగ్గరికని చెప్పి వెళ్తాడు. ప్రతి శుక్రవారం డెంటిస్టంటే ఆ నోట్లో పళ్లేం మిగలాలి చెప్పండి. నవ్వుకుని ఊరుకున్నాం ఇంట్లో అందరం, ఇన్నేళ్లూ.

గైడ్ యాభై దాటిన ఆవిడ. ఒకప్పుడు పాడి పశువులు ఉండేవట. మాట తక్కువ. తెల్లవారకముందే మమ్మల్ని జీపులో ఎక్కించుకుని, ఫోన్ సిగ్నల్ పోయాక కూడా చాలా దూరం తీసుకెళ్లింది. దిగాక ఇద్దరికీ నారింజ రంగు టోపీలిచ్చి, ఒక్క విషయం మాత్రం బావ కళ్లలోకి చూస్తూ రెండుసార్లు చెప్పింది. కాల్చాక ఎవరూ కదలకూడదు. జంతువు పడిపోయినా కదలకూడదు. దెబ్బ తిని పడిన కణితి మళ్లీ లేస్తుంది. లేస్తే తను తన తుపాకీతో కాలుస్తుంది. అది పూర్తిగా చచ్చిందని తేలాక ముందు తను దిగుతుంది, తర్వాతే మేము. బావ బుద్ధిగా తలూపాడు.

దిబ్బ మీద పొదల చాటున బోర్లా పడుకున్నాం. మధ్యలో గైడ్, ఆవిడకి ఎడమ పక్క బావ, కుడి పక్క నేను. కింద నడుమెత్తు పెరిగిన ఫెర్న్ మొక్కలు, వాటికవతల చిన్న మడుగు, దాని వెనక ఇసుక తిన్నె. తిన్నె అవతల సముద్రం హోరు. మంచుకి బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. జలగలు సాక్సుల్లోకి దూరుతున్నాయి. నోరెత్తకూడదు కదా, నాలో నేనే బావని తిట్టుకుంటూ వాటిని లాగి పారేస్తున్నాను.

బాగా తెల్లవారాక మడుగు గట్టు మీదికి కణితి వచ్చింది. ఇంత పెద్దదిగా ఉంటుందని నేననుకోలేదు. మా ఊళ్లో ఎద్దంత ఉంది, మెడ చుట్టూ జూలు, తల మీద ముదురు కొమ్ములు. గైడ్ వేలితో బావ భుజం తట్టింది. బావ పెదాలు కదిలాయి. బిస్మిల్లా అంటున్నాడని నాకు తెలుసు. తుపాకీ పేలింది.

కణితి ఎగిరి పడి, లేచి, నాలుగడుగులు వేసి, ఫెర్న్ మొక్కల్లో కూలింది. మొక్కలు కదులుతూనే ఉన్నాయి. అంటే ప్రాణం ఉంది. కదలొద్దని గైడ్ గుసగుసగా చెప్పి, తన తుపాకీ మీది గురి చూసే స్కోపుకి కన్ను ఆనించింది.

ఇంతలో నా మడమ దగ్గర జలగ ఒకటి చుర్రుమనిపించింది. పక్కకి ఒరిగి, కాలు ముడిచి దాన్ని లాగేసి తల తిప్పేసరికి బావ లేడు.

ఆయన తుపాకీ గడ్డి మీద ఉంది. మనిషి లేడు. ఎడమ వైపు పొదల్లోంచి కిందికి జారిపోయాడు. గైడ్‌కి తెలియదు. ఆవిడ రెండో కన్ను మూసి ఉంది, స్కోపులో కనపడే ఆ కాస్త జాగా తప్ప ఆవిడకింకేం కనపడదు. కింద ఫెర్న్ మొక్కల్లో నారింజ టోపీ ఒకటి వంగి వంగి పరిగెడుతోంది. నేరుగా కణితి వైపు. యా అల్లా, ఈ మనిషికి పిచ్చెక్కింది అనుకున్నాను.

అప్పుడే కణితి తల ఎత్తింది. ముందు కాళ్ల మీద లేవబోతోంది. గైడ్ ఊపిరి బిగబట్టింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లడం నేను చూశాను. ఇంకో రెండు అంగలేస్తే టోపీ గుండు వెళ్లే దారిలోకి వస్తుంది. నా గొంతులోంచి మాట రాలేదు. ఏ భాషలో అరవాలో కూడా తోచలేదు. చేయి చాచి ఆవిడ స్కోపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసేశాను.

తుపాకీ పేలలేదు.

ఆవిడ నా వైపు తిరిగిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నేను వేలితో కిందికి చూపించాను. చూసింది. వెంటనే వేలు ట్రిగ్గర్ మీంచి తీసేసింది.

కింద బావ ఆగిపోయాడు. చేతిలో కత్తి ఉంది, ఎదురుగా కణితి మూడు కాళ్ల మీద నిలబడి కొమ్ములు దించింది. వెనక్కి పరిగెత్తితే కుమ్మేస్తుంది. నిలబడ్డా కుమ్మేస్తుంది. ఆవిడ కాల్చాలంటే మధ్యలో బావ వీపు ఉంది. అప్పుడొచ్చింది నాకు గొంతు.

"బావా, పడుకో! బోర్లా పడుకో!"

టోపీ మాయమైంది. ఫెర్న్ మొక్కలు మూసుకుపోయాయి. పడుకున్నాడో, జారి పడ్డాడో, పాకుతున్నాడో ఏం తెలియడం లేదు. గైడ్ కన్ను తిప్పకుండా అడిగింది, ఆయన నేల మీద పడుకుని ఉన్నాడా, ఖచ్చితంగా చెప్పు, అని. నాకు కనపడటం లేదు. కణితి ముందుకి ఒక అడుగు వేసింది. అక్క మొహం ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది, ఆమెకి ఏం చెప్పాలో కూడా తట్టింది.

ఉన్నాడు, అన్నాను.

కాల్చింది. కణితి పక్కకి ఒరిగిపోయింది. టోపీ మాత్రం పైకి రాలేదు.

నేను పిలుస్తూ దిబ్బ మీద నుంచి దొర్లినట్టే దిగాను. బావ మొహం మట్టిలో పెట్టి, రెండు చేతులూ తల మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. కణితి కొమ్ము ఆయన తల దగ్గరికి వచ్చి ఆగింది. భుజం పట్టి కుదిపితే కళ్లు తెరిచి, నాకేం కాలేదు అన్నాడు. నేను ఆయన్ని కొట్టాను. మా అక్క భర్త, నాకంటే పెద్దాడు, అయినా వీపు మీద చరిచాను, చరుస్తూ ఏడ్చాను.

గైడ్ వచ్చి ముందు కణితి చచ్చిందని చూసుకుంది. తర్వాత తడి నేల మీదే కూలబడి, తన తుపాకీలోంచి గుళ్లు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంది. తిడుతుందనుకున్నాను. ఎందుకు దిగావని మాత్రం అడిగింది. బావ బూటుకి అంటిన బురద గీకుతున్నాడు. నేనే చెప్పాను, హలాల్ సంగతీ, అంకుల్ సంగతీ, బిర్యానీ సంగతీ.

ఆవిడ మొత్తం వింది. ఆ తర్వాత బావతో అంది, ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నేనే నీతో కలిసి దిగేదాన్ని, కొమ్ములు నేను పట్టుకునేదాన్ని, నువ్వు కోసేవాడివి. ఆ మాటకి బావ మొహం చూడలేకపోయాను. తిట్టి ఉంటేనే బాగుండేది.

మాంసం మేం తేలేదు. ఆవిడే చుట్టుపక్కల వాళ్లకి పంచుతానంది. తిరుగు దారిలో బావ నాకు కారు తాళాలు ఇచ్చేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మాంసానికని మేం తీసుకెళ్లిన ఐస్ పెట్టె మూత అక్క తీసి, ఖాళీగా ఉందని చూసి నవ్వింది. గురి తప్పిందా సారుకి, ఇప్పుడు ఊరందరికీ నేను చికెన్ బిర్యానీ వండాలన్నమాట, అంది. తప్పిందని చెప్పేస్తాడనుకున్నాను. అలా చెప్పడం ఆయనకి అలవాటే కదా. బావ బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, జరిగిందంతా చెప్పాడు. కత్తి దాచిన సంగతి దగ్గర్నుంచి కొమ్ము తల దగ్గర ఆగేదాకా, ఏదీ వదల్లేదు.

అక్క గోడకి ఆనుకుంది. ఏడుస్తుందనో, అరుస్తుందనో నేను ముందుకి వెళ్లాను. చేత్తో ఆగమంది.

"ఆమె పేరేంది?" అని అడిగింది బావని.

బావ చెప్పాడు. ఇంగ్లీషు పేరు, అక్క నోరు తిరగలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ తప్పింది. బడిలో పిల్లకి చెప్పినట్టు బావ ముక్కలు చేసి చెప్పాడు, అక్క సరిగ్గా వచ్చేదాకా అన్నది. తర్వాత వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని ఒజూ చేసుకుని, జానమాజ్ చాప పరిచింది. సాయంత్రం మగ్రిబ్ నమాజయ్యాక చేతులెత్తి దువా చేస్తుంటే నేను పక్క గదిలోంచి విన్నాను. ముందు ఆ పేరే చెప్పింది. బావ పేరు ఆ తర్వాత వచ్చింది.