చక్రం మీద నవ్వు బొమ్మ

మొన్న వానలు మొదలైన రోజుల్లో మా తమ్ముడి కూతురు, హసన్‌పర్తి దగ్గర కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే పాత కెమెరా ఉందా పెద్దనాన్నా అని అడిగింది. ఇప్పుడు వాళ్ళ కాలేజీ పిల్లలంతా సెల్‌ఫోన్లు పక్కన పెట్టి, మన కాలపు చిన్న డిజిటల్ కెమెరాలు వెతికి వెతికి కొంటున్నారట. వాటిలో వచ్చే ఆ మసక, ముఖం మీద తెల్లగా కొట్టే ఆ ఫ్లాష్ వెలుగు వాళ్ళకు ముద్దుగా ఉంటాయట. "మీ దగ్గర ఉండెనని అమ్మ చెప్పింది. పారేసిన్రా ఏంది?" అంది. పారేశాను అని ఒక్క మాట అంటే అంతటితో అయిపోయేది. కానీ బీరువాలో శాలువాల కింద అది ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీయగలను. తీసి, చార్జరుతో సహా ఆ పిల్ల చేతిలో పెట్టాను. నా అంతట నేను చెప్పే ధైర్యం ఎన్నడూ రాలేదు కాబట్టి, దొరికిపోవడానికి ఆ రోజు ఒప్పుకున్నానేమో.

నా ఈడు వాళ్ళకు ఆ కెమెరాలు గుర్తుండే ఉంటాయి. సబ్బు బిళ్ళంత ఉండేవి. పైనున్న చిన్న బటన్ నొక్కితే గుర్రుమంటూ ముందుకు గొట్టం సాగేది. ఫోటో తీసే బటన్ చుట్టూ ఒక మీట ఉండేది, దాన్ని ఒక వైపు తిప్పితే దూరపు మనిషి దగ్గరికి వచ్చేవాడు, ఇంకో వైపు తిప్పితే వెనక్కి పోయేవాడు. వెనక తెర పక్కన మెరుపు గుర్తు, గడియారం గుర్తు, పువ్వు గుర్తు, కింద చెత్తబుట్ట గుర్తు. అన్నిటికన్నా పైన పళ్ళ చక్రం ఒకటి, దాని మీద పరుగెత్తే మనిషి, చంద్రుడు, కొండ, నవ్వే ముఖం. కొన్న షాపతను చక్రాన్ని ఆకుపచ్చ గుర్తు దగ్గర పెట్టి, ఇక దీన్ని కదిలించకండి సార్ అన్నాడు. దానితో వచ్చిన పుస్తకం నేను తెరవలేదు. ఆఫీసులో పొద్దంతా ఇంగ్లీషు ఫైళ్ళు రాసేవాణ్ణి, ఒక ఆటబొమ్మలాంటి వస్తువు గురించి చదివి తెలుసుకోవడం నాకు చిన్నతనంగా తోచింది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కణ్ణే. ఆ గొప్ప కూడా నాకు ఎక్కువే ఉండేది.

తమ్ముడు కొత్తవాడలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. ఆ ఆదివారం కెమెరా పట్టుకుని వాళ్ళింటికి పోతే, మా అమ్మ, మరదలు, ఇరుగుపొరుగు వాళ్ళు చుట్టూ చేరారు. తమ్ముడు వేలితో ఒక్కొక్క బొమ్మా చూపించి అడగడం మొదలుపెట్టాడు.

"గీ పువ్వేందే అన్నా?"

పూలను తీయడానికి అన్నాను. పరుగెత్తే మనిషి ఆటల పోటీలకు అన్నాను. నవ్వు బొమ్మ ఎందుకంటే, పెళ్ళిళ్ళకు అని తడుముకోకుండా చెప్పాను.

"మరి ఏడుపు బొమ్మ లేదా? చావులకెట్ల?"

వాకిలంతా నవ్వింది. "నీ నోట్ల మన్నువడ" అని మా అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు, నా మీదనే నవ్వినట్టు అనిపించింది. వాడు చేయి లుంగీకి తుడుచుకుని, నూనె లేదని నాకు చూపించి మరీ కెమెరా కోసం చాపితే, ముట్టకు, సెట్టింగులు ఖరాబైతయి అని సంచీలో పెట్టేశాను. ఆ చాపిన చేయి ఇప్పటికీ నా కళ్ళ ముందు అట్లాగే ఉంటుంది.

ఆ ఎండాకాలంలోనే తమ్ముడూ మరదలూ పిల్లను అమ్మ దగ్గర విడిచి, మొక్కు చెల్లించడానికి పాలకుర్తి గుట్టకు పోయారు. తిరిగి వస్తుంటే ఆటో బోల్తా పడింది. తమ్ముడికి రొమ్ము లోపల దెబ్బ తగిలింది, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ముఖం మీద మాత్రం గీత కూడా పడలేదు. మరదలికి తుంటి ఎముక విరిగింది. ఆమెను మంచం మీది నుంచి కదిలించవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, శవాన్ని ఉంచలేమని పెద్దమనుషులు తొందర పెడుతున్నారు. నేను దవాఖానకు పోయి ఆ సంగతి చెబితే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నన్నైతే తీస్కపోరు బావా. ఆయన మొఖం ఒక్కటి ఫోటో తీస్కరా. గంతే, ఇంకేం అడుగ."

ఫికర్ చేయకు, నా కెమెరా ఉన్నది కదా అన్నాను.

వాకిట్లో తమ్ముణ్ణి పడుకోబెట్టి, నుదుట కుంకుమ పెట్టి, దండ వేశారు. డ్యూటీ దిగి వచ్చి నిద్రపోయినట్టే ఉన్నాడు. సంచీ ఇరుకు, కెమెరా లాగేటప్పుడు పైనున్న చక్రం తిరిగిపోయింది. నేను చూసుకోలేదు. గురి పెట్టి బటన్ నొక్కితే ఫోటో పడలేదు. ముందు వైపు నారింజ రంగు లైటు ఒకటి మినుకు మినుకుమనడం మొదలుపెట్టింది. మళ్ళీ నొక్కితే ఆరిపోయింది, మళ్ళీ నొక్కితే వెలిగింది. తెర పక్కన నిలువుగా ఒక గీత కనబడుతుంటే బ్యాటరీ అయిపోతుందనుకున్నాను.  బయట డప్పులు ఆగి నా కోసం చూస్తున్నాయి. పక్కింటాయన మెల్లగా దగ్గరికి వచ్చి, "అన్నా, నా సెల్లుల ఒకటి తీద్దునా?" అన్నాడు. ఆ రోజుల్లో సెల్లులో వచ్చే ఫోటో అంతంత మాత్రమే, అయినా ముఖమైతే వచ్చేది. "ఆ డబ్బల మొఖమేం వస్తది, జరుగు" అన్నాను. ఆయన జరిగాడు.

అప్పుడే మా అమ్మ పిల్లను చంకన వేసుకుని తమ్ముడి తల దగ్గరికి వంగింది. నేను ఏమీ నొక్కకుండానే ఫ్లాష్ భగ్గుమంది. ఎట్లాగో వచ్చిందనుకుని, ఇక లేపుండ్రి అన్నాను. లేపారు.

అన్నీ అయిపోయి స్నానం చేశాక కెమెరా తీసి ఆ ఫోటో చూశాను. తెర నిండా పిల్ల ముఖం ఉంది, మెరిసే లైటును చూసి పాలపళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతోంది. కింది అంచున వేలి గోరంత తమ్ముడి ముఖం, అది కూడా సగమే. మిగతా సగం ఫోటో బయటకు పోయింది. తండ్రి శవం పక్కన బిడ్డ నవ్వుతున్న ఫోటోను దవాఖాన మంచం మీదున్న తల్లికి ఎట్లా చూపించను అని ఒక భయం. కెమెరా వాడటం నాకు రాదన్న సంగతి బయటపడుతుందని ఇంకో భయం. రెండోదే పెద్దదని ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను. చెత్తబుట్ట గుర్తు నొక్కాను. తీసెయ్యాలా అని అది అడిగింది. అక్కడ నా వేలు ఆగిపోయింది, కెమెరా కట్టేశాను.

తెల్లవారి మరదలు అడిగింది. ఫోటో తీసినగని నువ్వు చూడలేవు, మొఖం మంచిగ లేదు, చూడకపోవుడే మంచిది అన్నాను. ఆమె ఏడవలేదు, గోడ వైపు తిరిగింది. కొన్నాళ్ళకు ఏ దిక్కు తగిలింది బావా అని అడిగితే, కుడి దిక్కు అన్నాను. ఒక అబద్ధం నిలబడాలంటే దానికి ఒక దిక్కు కూడా చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మా, వాడకట్టు వాళ్ళూ, చూసిన ప్రతి ఒక్కరూ నిద్రపోయినట్టే ఉండె బిడ్డా అని ఆమెకు చెప్పారు. ఆమె నమ్మలేదు. "అందరు నన్ను ఓదార్చనీకె గట్లంటరు, మా బావ ఒక్కడే ఉన్నదున్నట్టు చెప్పిండు" అని నా ముందే పది మందితో అనేది. ఆ ఇంట్లో నేను నిజం చెప్పే మనిషినైపోయాను. పిల్లను ఏ బడిలో వేయాలన్నా, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా నన్నే అడిగేది. ఆమె కుంటుతూ మగ్గాల షెడ్డుకు పోతుంటే చూసేవాణ్ణి. చెప్పేద్దామని వాళ్ళ వాకిలి దాకా పోయి, చాయ్ తాగి తిరిగి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

కెమెరా తీసుకుపోయిన కొన్నాళ్ళకు ఆ పిల్ల ఫోన్ చేసింది. చార్జింగు పెట్టి, లోపల మిగిలిన ఆ ఫోటో చూసిందట. "చక్రం నవ్వు బొమ్మ మీద ఉన్నది పెద్దనాన్నా. దాని మీద ఉంటే ఎంత ఒత్తినా తీయదు, ఎవరన్న నవ్వితేనే అదే తీసుకుంటది. ఆ పక్క గీత నవ్వు ఎంతున్నదో చూపెడ్తది." "అంటే గప్పుడు నేనొక్కదాన్నే నవ్విన్నా?" అంది. నువ్వు నవ్వబట్టే ఆ సగమైనా మిగిలింది బిడ్డా అనాల్సింది, మీ అమ్మ చూసిందా అని అడిగాను.

మర్నాడు మరదలు ఆటో మాట్లాడుకుని ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో కెమెరా ఉంది. ఫోటో తెర మీదికి తెచ్చి, బిడ్డ దగ్గర నేర్చుకున్నట్టుంది, బొటనవేలితో ఆ మీట తిప్పింది. ఫోటో పెద్దదైంది. ఇంకా తిప్పింది. బాణం గుర్తులు నొక్కుతూ కిందికి, కిందికి జరిపింది. దూరపు మనుషులను దగ్గరికి తెచ్చే ఆ మీట, తీసిన ఫోటోను కూడా అట్లా పెద్దది చేస్తుందని అన్నేళ్ళలో నాకు తెలియదు. గోరంత ముఖం తెర నిండింది. మూసిన కన్ను ఒకటి, కుంకుమ, చెవి, నున్నటి చెంప.

"కుడి దిక్కే గద బావా నువ్వన్నది?" అంది.

 కళ్ళు మూసుకుంటే ఇన్నేళ్ళూ తనకు ఎట్లాంటి ముఖం కనబడిందో, వచ్చిన ఆటో ఎక్కబోతూ రెండు మాటల్లో చెప్పింది. వాటిని ఇక్కడ రాయలేను.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోనుకు చక్రం లేదు, మీట లేదు, తప్పు చెప్పడానికి బొమ్మలు లేవు. తీసిన ఫోటో తీసినట్టే పది ఇళ్ళకు చేరిపోతుంది. దాని వల్ల చెడు జరుగుతుందని మనవాళ్ళు విసుక్కుంటుంటే విని ఊరుకుంటాను. ఒక మనిషి ముఖాన్ని ఇంకొక మనిషి తన బీరువాలో అన్నేళ్ళు పెట్టి తాళం వేసుకోగలిగిన కాలం నాది. అది పోయినందుకు నాకు బెంగ లేదు. బెంగంతా ఆ వాకిట్లో, అంతమంది ముందు, నాకు రాదు, నీ సెల్లుల తియ్యి తమ్మీ అని పక్కింటాయనతో అనగలిగే మనిషిని కాకపోయినందుకే.

ఆ సగం ముఖాన్నే పెద్దది చేయించి కొత్తవాడ ఇంట్లో గోడకు పెట్టుకున్నారు. నేను కోసిన చోటనే ఫ్రేము అంచు ఉంది. నేను పోతే మరదలు ఇప్పటికీ చాయ్ పెడుతుంది, కుర్చీ వేస్తుంది. ఆ కుర్చీ ప్రతిసారీ ఆ గోడకు ఎదురుగానే ఉంటుంది. కావాలని వేస్తుందో, ఆ చిన్న ఇంట్లో కుర్చీకి వేరే చోటు లేదో, నేను అడగలేదు.